ఉత్తర చూసి గంప ఎత్తినోళ్లు: వాన జ్ఞానం ఎవరిది?

ఉగాది నాడు మా ఊరి గుడి ముందర పంచాంగం చదివేవారు. ఆ ఏడాదికి రాజు ఎవరు, మంత్రి ఎవరు, మేఘాధిపతి ఎవరు, వానలో ఎన్ని పాళ్లు సముద్రం మీద పడతాయి, ఎన్ని కొండల మీద, ఎన్ని భూమ్మీద - అన్నీ అయ్యగారు పుస్తకం చూసి చెప్పేవాడు. భూములున్నవాళ్లు అరుగుల మీద కూచుని వినేవాళ్లు. మా వాడవాళ్లు చింతచెట్టు ఇవతల నిలబడేవాళ్లు. నిజం చెప్పాలంటే ఏమీ వినబడేది కాదు. డప్పు కొట్టడానికి పిలిచారు కాబట్టి అక్కడ ఉండాలి, అంతే. మేఘాలకు అధిపతి ఎవరో తేలినాక మా అవ్వ ఇంటికొచ్చి తన పని తాను చేసుకునేది. ఆ పనిలో ఒక భాగం ఆకాశం చూడడం.

ఆమెకు అక్షరం రాదు. కార్తెలు మాత్రం వరసగా చెప్పేది. రోహిణి, మిరుగు, ఆరుద్ర, పునర్వసు, పుష్యాల... అట్లా పోయి పోయి ఉత్తర దగ్గరికి వచ్చేసరికి ఆగేది. "ఉత్తర సూసి ఎత్తర గంప" అనేది.

ఈ సామెత తెలియని తెలుగువాడు ఉండడు. 1868లో కెప్టెన్ కార్ మద్రాసులో తెలుగు సామెతల పుస్తకం అచ్చువేసిన నాటినుంచి ఎందరో పండితులు సామెతలు ఏరారు, అక్షరక్రమంలో పేర్చారు, అర్థాలు రాశారు. దీనికి అర్థం "ఉత్తర కార్తెలో వాన లేకపోతే ఊరు విడిచి పొమ్మని" అని రాస్తారు. సరే. కానీ ఎవరిని పొమ్మని? గాదెలో రెండేళ్ల గింజలున్నవాడు గంప ఎత్తడు. బావి ఉన్నవాడు ఎత్తడు. అప్పులిచ్చినవాడు అసలే ఎత్తడు, ఆ ఏడే అతనికి పంట. సెప్టెంబరు నడిమిలో ఆకాశం చూసి, రెండు కుండలు, ఒక బొంత, ఒక పిల్ల గంపలో పెట్టుకుని దారి పట్టేది కూలోళ్లు. అంటే ఈ సామెత రైతు సామెత కూడా కాదు. భూమి లేనోళ్ల సామెత. అక్షరక్రమంలో పెట్టినప్పుడు ఈ సంగతి జారిపోయింది.

మన చరిత్ర రాతల్లో దాడులొచ్చినయి, పోరాటాలొచ్చినయి, నాయకులొచ్చిన్రు. రావలసిందే. పని రాలేదు. పనిలో పుట్టిన జ్ఞానం అసలే రాలేదు. చదువు మనకు నిషేధించారన్న మాట చెప్పీ చెప్పీ, మనకు జ్ఞానమే లేకుండె అని మనమే ఒప్పుకున్నట్టయింది. ఈ వ్యాసం ఆ ఒప్పుకోలు మీద ఒక అభ్యంతరం.

ముందు కార్తె అంటే ఏమిటో చూద్దాం. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో 13 లేదా 14 రోజులుంటాడు. 27 నక్షత్రాలకు ఏడాది నిండుతుంది. చాంద్రమాన తిథులు ఏటా అటూ ఇటూ జరుగుతాయి గానీ కార్తెలు జరగవు. మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, జూన్ 22కు ఆరుద్ర, సెప్టెంబరు 13కు ఉత్తర. పండుగలు, ముహూర్తాలు తిథుల మీద నడిస్తే విత్తనం కార్తెల మీద నడిచింది. ఒకే ఊళ్లో రెండు కాలమానాలు. గుడిది ఒకటి, దుక్కిది ఒకటి.

కార్తెలు కూడా శాస్త్రాల్లోంచి వచ్చినవే గదా, రోహిణి, మృగశిర సంస్కృతం పేర్లే గదా అని ఎవరైనా అనవచ్చు. పేర్లు నిజమే. కానీ ఆ పేర్లకు తగిలించిన వాన సంగతి చూడండి. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల నక్షత్రాలకూ ఋతువులకూ మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక రోజు తేడా వస్తుంది. దాదాపు 960 ఏళ్లకు ఒక పూర్తి కార్తె జరిగిపోతుంది. ఇవ్వాళ మిరుగు నాడు వాన మొదలైతది అంటున్నాం. వెయ్యేళ్ల కింద అదే వాన ఆరుద్ర మొదట్లో పడి ఉండాలి. వరాహమిహిరుడి కాలానికి, అంటే 6వ శతాబ్దానికి, ఇంకా ముందుకు జరగాలి. తేడా వస్తుందని ఆయనకూ తెలుసు. వెనక దక్షిణాయనం ఆశ్లేష నడుమ మొదలయ్యేదని, తన కాలంలో కర్కాటకం మొదట్లో మొదలవుతున్నదని ఆయనే రాశాడు. మరి "మిరుగుకు వాన" అనే మాట ఏ ఋషి చెప్పింది? ఏ ఋషీ చెప్పి ఉండడు. గత కొన్ని వందల ఏళ్లలో, దుక్కిలో నిలబడి చూసినోళ్లు చెప్పింది. పాతది తప్పుతుంటే కొత్తది చెప్పుకున్నారు. గ్రంథం మారదు. నోటిమాట మారుతుంది, మారకపోతే విత్తనం మాడుతుంది గనక.

ఆకాశంలో పేర్లు కూడా రెండు రకాలే. పుస్తకంలో సప్తర్షి మండలం అంటారు, ఏడుగురు ఋషులు. మా వాడలో అది ముసలమ్మ మంచం. నాలుగు కోళ్లు, దాని వెనక ఎత్తుకపోవడానికి వచ్చిన దొంగలు. కృత్తికల్ని పిల్లలకోడి అంటారు. గొల్లకావడి ఉంది. తెల్లవారుజామున కూలికి లేవడానికి వేగుచుక్క ఉంది, గడియారం లేని ఇళ్లకు అదే గడియారం. మంచం, కోడి, కావడి. పనిచేసేవాళ్లు పైకి చూస్తే వాళ్ల ఇంటి సామాను కనబడింది. యజ్ఞాలు చేసేవాళ్లు చూస్తే ఋషులు కనబడ్డారు. ఏ ఆకాశం పాఠ్యపుస్తకంలోకి ఎక్కిందో చెప్పక్కరలేదు.

ఇప్పుడు ఆ పుస్తకాల దగ్గరికే పోదాం. బృహత్సంహితలో వెంటనే కురిసే వానకు గుర్తులు చెప్పే అధ్యాయం ఒకటుంది. చీమలు గుడ్లు మోసుకుపోవడం, పిల్లి గోళ్లతో నేల గీకడం, పాములు చెట్లెక్కడం, ఊసరవెల్లి కొమ్మ మీదినుంచి ఆకాశం వంక చూడడం, ఉప్పు చెమ్మగిల్లడం, కప్పల అరుపు, వీధిలో పిల్లలు మట్టితో కట్టలు కట్టి ఆడుకోవడం. చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. ఇవన్నీ మా అవ్వ చెప్పినవే. అయితే మా అవ్వ వరాహమిహిరుణ్ణి చదవలేదు. ఉజ్జయిని పండితుడు చీమల పుట్ట పక్కన గొంతుక్కూచుని చూశాడా? పసులను తోలుకపోయి ఊసరవెల్లిని గమనించాడా? పసుల కాపరులు, కూలోళ్లు, మట్టిలో ఆడుకునే పిల్లలు చూసిన దాన్ని ఆయన శ్లోకం చేశాడు. ఆ గ్రంథంలోనే ఇంకో సిద్ధాంతం ఉంది - మేఘం గర్భం దాల్చిన 195 రోజులకు వాన కురుస్తుందని. అది పండితుడి లెక్క. మార్గశిరంలో మబ్బు చూసి జ్యేష్ఠంలో వాన చెప్పే లెక్క. చీమల గుర్తు ఇప్పటికీ ఊళ్లలో బతికుంది. గర్భం లెక్కను పంచాంగకర్తలు తప్ప ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

అర్థశాస్త్రం ఇంకా సూటిగా ఉంటుంది. కౌటిల్యుడు కోష్ఠాగారంలో మూరెడు వెడల్పు నోరున్న పాత్ర పెట్టి వాన కొలవమన్నాడు. సీతాధ్యక్షుడి అధ్యాయంలో ఏ దేశంలో ఎంత వానో ద్రోణాల్లో చెప్పాడు. మెట్ట నేలల్లో 16, అవంతిలో 23, అశ్మకంలో 13½. అశ్మకం అంటే మనకు దగ్గరే. దాని రాజధాని పోదనం ఇప్పటి నిజామాబాద్ జిల్లా బోధనే అని చాలామంది చరిత్రకారులు అంటారు. ఈ అంకెల్ని చూపి "రెండు వేల ఏళ్ల కిందటే మనకు వర్షమాపకం ఉంది" అని గర్వంగా రాస్తుంటారు. అదే అధ్యాయం మొదట్లో ఇంకో మాట ఉంది. రాజు భూముల్ని దాసులతో, కర్మకరులతో, జరిమానా కట్టలేక పనితో తీర్చేవాళ్లతో విత్తించాలి అని. వాళ్లకు తిండి, నెలకు ఒకటింబావు పణం. వాన లెక్కా వెట్టి లెక్కా ఒకే అధ్యాయంలో ఉన్నాయి. రాజు వాన ఎందుకు కొలిచాడు? ఎక్కడ ఎంత విత్తించాలో తెలియడానికి. కొలిచేవాడి పేరు అధ్యక్షుడు. తడిసేవాడి పేరు దాసుడు. గర్వపడేవాళ్లు మొదటి సగం చదివి పుస్తకం మూస్తున్నారు.

ఇక మన ఇళ్లలో ఉన్న పరికరం గురించి చెప్పాలి. 1783లో సొస్యూర్ అనే స్విట్జర్లాండు శాస్త్రవేత్త మనిషి వెంట్రుకతో గాలిలో తేమ కొలిచే యంత్రం గురించి పుస్తకం రాశాడు. తేమ పెరిగితే వెంట్రుక సాగుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. ఆ సాగుడును ముల్లుకు తగిలిస్తే అంకె చూపిస్తుంది. ఇంతే సూత్రం. మాదిగ ఇంట్లో గోడకు వేలాడే డప్పు చేసేది అదే పని. గాలిలో చెమ్మ చేరితే తోలు సాగి మెత్తబడుతుంది, మోత బొద్దుగా వస్తుంది. పొడిగాలికి బిగుసుకుని ఖంగుమంటుంది. అందుకే కొట్టే ముందు మంట వేసి కాపుతారు. ఎండాకాలంలో ఇంత గడ్డి మంట చాలు. ముసురులో ఎంత కాపినా నాలుగు దరువులకే మళ్లీ మెత్తబడుతుంది. మా తాత పొద్దున్నే గోడ మీది డప్పును వేలితో టకటక కొట్టి చూసేవాడు. "మెత్తవడ్డది, ఇయ్యాలో రేపో దిగుతది" అనేవాడు. ఇంట్లో ఆరబెట్టినవి లోపల పెట్టేవారు.

తోలు పనే వాతావరణంతో పని. పచ్చితోలు లందలో ఎన్నాళ్లు నానాలి, తంగేడు చెక్క రసం ఎంత పట్టింది, ఎండకు ఎప్పుడు తీయాలి, ఏ ఎండకు తోలు పగులుతుంది - ఇవన్నీ గాలిని, ఎండను, చెమ్మను చూసి తేల్చాల్సినవి. ఒక్క రోజు మబ్బును తప్పుగా అంచనా కడితే తోలు కుళ్లిపోతుంది. ఆ తోలు నుంచే మోట బొక్కెన. ఇంజన్లు రాకముందు బావిలో నీళ్లు పైకొచ్చింది మాదిగ కుట్టిన మోటతోనే. వాన రాని ఏడు ఊరి పంటను నిలబెట్టింది ఆ తోలు. దాన్ని కుట్టినవాడు ఆ బావి గట్టు ఎక్కగూడదు.

నీరటికాడి సంగతి కూడా ఇట్లాగే ఉంటుంది. తెలంగాణలో నీరడి, రాయలసీమలో నీరుగట్టు అంటారు. చాలా ఊళ్లలో ఇది మాల మాదిగల పని. చెరువు తూము ఎప్పుడు ఎత్తాలి, ఏ మడికి ఎంతసేపు, అలుగు ఎప్పుడు పారుతుంది, కట్ట ఎక్కడ ఊరుతున్నది - రాత్రిపూట గొంగడి కప్పుకుని కట్ట మీద తిరిగి చూసేది అతనే. ఎగువన మెరుపు ఏ దిక్కున మెరిస్తే తన చెరువుకు నీళ్లొస్తాయో అతనికి తెలియాలి. తెలియకపోతే కట్ట తెగుతుంది, ఊరు పోతుంది. కూలిగా కళ్లంలో మేర. ఇంతమంది పొలానికి నీళ్లు పంచినవాడు మంచినీళ్ల బావిలో చేద వేస్తే మైల! 1985 జూలైలో కారంచేడు మంటలు ఎక్కడ అంటుకున్నాయో గుర్తు చేసుకోండి. మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర. నీటి జ్ఞానం మనది, నీళ్లు మాత్రం వాళ్లవి అనే ఏర్పాటును ఒకరు ప్రశ్నించిన చోట.

జంతువులూ పురుగుల గుర్తులన్నీ ఒకే రకం కావని కూడా గమనించాలి. సామెతలు ఏరినవాళ్లు అన్నిటినీ "వర్ష సూచనలు" అని ఒకే గంపలో వేశారు. ఉసిళ్లు వాన వచ్చేముందు గుర్తు కాదు. తొలివానలు పడి పుట్ట లోపలిదాకా తడిసినాక, గాలిలో చెమ్మ ఉన్న సాయంత్రం లేస్తాయి. ఆరుద్ర పురుగు కూడా అంతే, ఎర్రగా మఖమల్ లాగా నేల మీద పాకితే నేల తడిసిందని అర్థం. ఇవి రేపటి వాన గురించి చెప్పవు, నిన్నటి వాన ఎంత లోతుకు దిగిందో చెబుతాయి. విత్తనం వేయడానికి పదును ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న. పైన తడిసి కింద పొడిగా ఉంటే మొలక వచ్చి మాడుతుంది. మా వాడోళ్లకు ఉసిళ్లు ఇంకొకటి కూడా. దీపం పెట్టి, నీళ్ల గిన్నె కింద పెట్టి పట్టుకుని, రెక్కలు చెరిగి వేయించుకునేవాళ్లం. కరువు కడుపుకు తొలివాన ఇచ్చే మొదటి తిండి అది, కూలి గింజలు రావడానికి ఇంకా నెలలు పడుతుంది. ఉసిళ్లు తింటారని మమ్మల్ని వెక్కిరించిన పిల్లలకు పదును సంగతి తెలియదు.

చీమలు గుడ్లు మోయడం వేరు. చీమలు పుట్టలో తేమను బట్టి, వేడిని బట్టి గుడ్లను, పురుగులను అర నుంచి అరకు మారుస్తూనే ఉంటాయి. బయటికే మోసుకొచ్చి గోడ ఎక్కుతున్నాయంటే కింద ఏదో మారింది. ఇది కొన్ని గంటల సంగతి. తూనీగలు గుంపులుగా కిందకు ఎగరడం కూడా అట్లాంటిదే. గొర్రెలు మేత మాని ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడితే కాపరి పిలగాడు గోనెసంచి ముసుగు సర్దుకుంటాడు. అతనికి కావల్సింది రేపటి లెక్క కాదు, గుట్ట దిగేంత సమయం.

చంద్రుడి గుడి ఇంకా దూరం చూస్తుంది. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అంటారు. పైకి ఇది మాటల గారడీలాగా ఉంటుంది, కాదు. చంద్రుడి చుట్టూ కట్టే వలయాలు రెండు రకాలు. చిన్నది, చంద్రుణ్ణి అంటుకున్నట్టు ఉండేది, పలచని మబ్బులోని నీటి బిందువుల వల్ల వస్తుంది. పెద్దది, చెయ్యి చాచి జాన పెడితే దాదాపు జానెడు దూరంలో ఉండేది, చాలా ఎత్తున మంచు పలుకులున్న తెరమబ్బు వల్ల వస్తుంది. ఆ వలయం ఎప్పుడూ 22 డిగ్రీలే. అట్లాంటి ఎత్తైన మబ్బు తెర చాలాసార్లు వాయుగుండం కంటే ముందు వచ్చి పరుచుకుంటుంది. అందుకే దూరపు గుడి దగ్గర వాన. ప్రతిసారీ నిజం కాదు. కానీ రెండు గుడులకూ తేడా ఉందని, ఆ తేడాకూ వానకూ సంబంధం ఉందని కనిపెట్టడానికి ఎన్ని తరాలు రాత్రిళ్లు ఆరుబయట పడుకోవాలో ఆలోచించండి. మిద్దెలున్నవాళ్లు కనిపెట్టింది కాదు ఇది. కళ్లం కాపలా పడుకున్నవాళ్లు కనిపెట్టింది. రాత్రి వాన పడితే రాశి తడుస్తుంది, రాశి తడిస్తే తమ మేర, తమ అడుగుగింజలు ముందు పోతాయి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మన పెద్దలకు అన్నీ తెలుసు అనడం కూడా ఒక రకం పంచాంగమే. కప్పతల్లి ఆట చూడండి. రోకలికి వేపమండలు, కప్పను కట్టి ఇల్లిల్లూ తిరిగితే ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోస్తారు. కప్ప అరిస్తే వాన వస్తుందన్నది గమనిక. కప్పను తిప్పితే వాన వస్తుందన్నది ఆ గమనికను తలకిందులు చేయడం, గుర్తును కారణం చేయడం. ఆకలి ముదిరినప్పుడు మనుషులు ఈ పని చేస్తారు, నేను వెక్కిరించడం లేదు. కానీ ఆ ఆటలో ఎండలో తిరిగింది ఎప్పుడూ మా వాడ పిల్లలే, నీళ్లు పోసిన ఇళ్లు వాళ్లవి.

1876 కరువు చీమలకు తెలియదు, కప్పలకు తెలియదు. ఆ ఏడు మద్రాసు రాజధానిలో వానలు మోసం చేశాయి, మరుసటేడు నైరుతి కూడా సరిగా రాలేదు. ఎక్కడో పసిఫిక్ మహాసముద్రం నీళ్లు వేడెక్కడమే దాని వెనకున్న పెద్ద కారణమని ఇప్పుడు చెబుతున్నారు. కర్నూలు కూలికి అది ఏ గుర్తులోనూ కనబడదు. అతనికి తెలిసింది ఒక్కటే, ఉత్తర పోయింది, గంప ఎత్తాలి. ఎత్తి ఎక్కడికి పోవాలి? ప్రభుత్వం పెట్టిన కరువు పనులకు. 1877 మొదట్లో రిచర్డ్ టెంపుల్ అనే అధికారి వచ్చి, రోజంతా మట్టి మోసే మగమనిషికి ఒక పౌను, అంటే అరకిలో కంటే తక్కువ ధాన్యం చాలని కూలి కోశాడు. మద్రాసు ప్రభుత్వంలోనే పనిచేసే కార్నిష్ అనే డాక్టరు, ఈ తిండితో మనుషులు బతకరని గట్టిగా వాదించాడు. ఆ కరువులో లక్షల మంది పోయారు. గింజలు మాత్రం ఓడల్లో బయటికి పోతూనే ఉన్నాయి.

ఒంగోలు వైపు గంప ఎత్తిన మాదిగలకు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో పని దొరికింది. అమెరికా బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కాలువలో కొన్ని మైళ్ల కాంట్రాక్టు తీసుకున్నాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దీన్ని "గింజల కోసం మతం మారారు" అని తేల్చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కరువు పని నడిచినన్నాళ్లు క్లౌ బాప్తిస్మం ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారన్న మాట వస్తుందని ఆపాడు. ఆ సంగతి పక్కనబెడదాం. గంప ఎత్తి ఊరు దాటినోళ్లు తిరిగొచ్చేటప్పుడు గంపలో ఇంకేదో తెచ్చుకున్నారు. పలక, బడి, పేరు. ఊరికీ వాడకూ మధ్య ఉన్న పాత లెక్క ఆ తర్వాత మునుపటిలాగా లేదు. వాన గురించి రాస్తూ ఇక్కడికెందుకొచ్చానంటే, ఉత్తర కార్తె సామెతను వాతావరణంగా మాత్రమే చదివితే ఈ కాలువ గట్టు కనబడదు.

మా పాలమూరులో గంప దించిందే లేదు. 1955 నుంచి 1967 దాకా నాగార్జునసాగర్ కట్టినోళ్లలో మా జిల్లా కూలోళ్లు ఉన్నారు, ఆ తర్వాత దేశంలో ఏ డ్యాం కట్టినా పాలమూరు లేబరే. కృష్ణా తుంగభద్రలు జిల్లా లోపలినుంచి పారుతుండగా ఉత్తర చూసి బొంబాయి బస్సెక్కినారు. వాళ్ల వలసకు వాన లేకపోవడం ఒక్కటే కారణమని అధికారులు చాలాకాలం రాశారు. వాన అందరికీ లేదు, బస్సు కొందరే ఎక్కారు.

వాతావరణ శాఖ పుట్టుకలోనూ ఈ పేదల చావులే ఉన్నాయి. 1864లో కలకత్తా తుఫాను, 1866లో, 1871లో వానలు తప్పడం - ఇవి చూసి 1875లో బ్రిటిషు ప్రభుత్వం ఆ శాఖ పెట్టింది. 1886లో మొదటిసారి ఋతుపవనాల ముందస్తు అంచనా ఇచ్చింది. గొప్ప పనే. మనం సైన్సుకు వ్యతిరేకులం కాదు, సైన్సు వాడ దాకా రానందుకు కోపం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన పడ్డది. సర్కారు లెక్కలోనే పది వేల మంది దాకా పోయారు. తుఫాను వస్తున్నదని వాతావరణ శాఖకు తెలుసు. ఆ తెలిసింది పల్లపు నేలల్లో, మట్టి గోడల మధ్య ఉన్నోళ్లకు అర్థమయ్యే మాటలో, లేచి పోగలిగే సమయంలో చేరలేదు. పాత గుర్తులు ఈదురుగాలి దాకా చెప్పగలవు గానీ తాటిచెట్టంత అలను చెప్పలేవు. పాత జ్ఞానానికి అందనిది, కొత్త జ్ఞానం అందించనిది - ఈ రెంటి మధ్య మనుషులు కొట్టుకుపోయారు.

ఇవ్వాళ "ప్రాచీన భారతీయ వాతావరణ విజ్ఞానం" పేరుతో సెమినార్లు జరుగుతున్నాయి. వరాహమిహిరుడు వస్తాడు, పరాశరుడు వస్తాడు. చీమ, కప్ప, ఊసరవెల్లి కూడా శ్లోకంలో కూచుని వస్తాయి. నీరటికాడు రాడు. ఇంకోపక్క 2019 నుంచి మేఘదూత్ అనీ, ఆ తర్వాత పిడుగులకు దామిని అనీ ఫోన్లో యాప్‌లు వచ్చాయి. వాటిని తీసిపారేయను. మన దేశంలో పిడుగుపాటుకు ఏటా రెండు వేలకు పైగా మనుషులు పోతున్నారు, 2022లో 2,887 మంది. ఎక్కువగా పోయేది పొలాల్లో, మేతభూముల్లో ఆరుబయట పనిచేసేవాళ్లు. అంటే ఎవరో మనకు తెలుసు. నాట్లేసే ఆడవాళ్లు మడిలో దిగేముందు ఫోన్లు సంచిలో పెట్టి గట్టున పెడతారు. ఫోన్ మోగినా వినబడదు. వినబడినా నాటు మధ్యలో ఆపి పోదామంటే గుత్త పట్టిన మేస్త్రి ఒప్పుకోవాలి. ఉరుము దగ్గరయిందని వాళ్లకు చెవులే చెబుతాయి, యాప్ అక్కర్లేదు. పని ఆపే హక్కు ఏ యాప్‌లోనూ లేదు.

ఈ జ్ఞానాన్ని సేకరించాలనుకునే విద్యార్థులకు పని చేసే పద్ధతి గురించి రెండు మాటలు. సామెత ఒక్కటే రాసుకుని రావద్దు. ఎవరు చెప్పారు, ఏ కులం, ఏ పని, ఆ నేల నల్లరేగడా చెలకా, చెరువు కిందా మెట్టా, అది రాయండి. అన్నిటికంటే ముందు, ఆ గుర్తు కనబడ్డప్పుడు మీరేం చేసేవారు అని అడగండి. నేను మా అవ్వను చాలా ఆలస్యంగా అడిగాను. దూరపు గుడి కడితే ఏం చేసేదానివే అన్నాను. వాన వస్తదని సంబురపడేదాన్ని అంటుందనుకున్నాను.

"ఏం జేస్త? దొర కళ్లంల రాశి మీద కప్పనీకి తాటాకులు ఏరుకొచ్చెటోళ్లం నడిరాత్రి" అన్నది. "మన గుడిసె మీదికి మిగిలేటియి గాదు."